కడగని బట్టలు

యెరూషలేము
పర్ణశాలల పండగ అయ్యాక, నోవహు అధ్యాయం చదివే వారం

తమ్ముడు జెలిగ్‌కి,

దేవుడి దయవల్ల మేం బతికే ఉన్నాం. నువ్వూ, మరదలు తిర్జా, పిల్లలూ చల్లగా ఉండాలి. మర్యాదలు ఇక్కడితో అయిపోయాయి.

నా కొడుకు మీ ఉమ్మడి పొలానికి ఎందుకొచ్చాడో గుర్తుందా? దగ్గు తగ్గక. డాక్టరు పొడిగాలి కావాలన్నాడు. "రెండు నెలలు పంపక్కా, ఖర్జూరపు తోటలో తిరుగుతాడు, సాయంత్రాలు చదువుకుంటాడు" అని రాసింది నువ్వే. రెండు నెలలు కాస్తా ఏడాదిన్నర అయింది. నిన్న చేపల దుకాణం దగ్గర మా వీధికి ధర్మతీర్పులు చెప్పే ఫైవిష్ గారి భార్య బెయిలె నలుగురిలో నన్ను ఆపింది. "ఫ్రాదెల్, మీ కల్మన్‌ని బస్టాండులో చూశామమ్మా. మిలటరీ బట్టల్లో భలే ఉన్నాడు" అంది. ఆ "భలే" అన్నప్పుడు దాని మొహం చూడాల్సింది. నువ్వు పదహారేళ్ళకే ఈ వీధి వదిలేసి పోయినవాడివి, నీకేం తెలుస్తుంది.

ఒరేయ్, మా వీధిలో మగపిల్లలు ధర్మశాస్త్రం చదవడం కోసం పుడతారు. పెళ్ళిళ్ళ పేరయ్య రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. ఇక రాడు. మీ బావ ఈ మాట విన్నప్పటి నుంచి పుస్తకం తెరిచి ఒకే పేజీ చూస్తూ కూర్చున్నారు.

నా పనేమిటో నీకు తెలుసు. మా వీధి సమాధి సంఘంలో కుట్టుపని నాది. ఇక్కడ పోయిన ప్రతి ఆడదానికీ ఆఖరి బట్టలు నా చేతి మీదుగానే. తెల్లనార బట్ట, జేబు ఉండదు, దారం చివర ముడి ఉండదు. బట్ట మనిషిని ఏం చేస్తుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాన్న కొనిచ్చిన నల్లకోటు విప్పి పొట్టి లాగూ తొడుక్కున్న రోజు నుంచి నువ్వు ఈ ఇంటి మనిషివి కాకుండా పోయావు. ఇప్పుడు వాడి వంతు.

వాడిని వెనక్కి పంపు. ఎలా పంపుతావో నాకు తెలియదు.

నీ అక్క
ఫ్రాదెల్


26 అక్టోబరు 1969

అక్కా,

ఉత్తరం అందింది. తిర్జా చదివి, "మీ అక్క సిరాలో మిరియాల పొడి కలుపుతుందా?" అంది. నవ్వాను కానీ నాకూ కడుపు మండింది.

వాడిని నేను పంపలేదు. చదువుకునే కుర్రాళ్ళకి మినహాయింపు ఉంది, ఒక్క సంతకం పెడితే చాలు అని నేనే చెప్పాను. "మావయ్యా, రోజూ నాతో చెట్లెక్కే వాళ్ళందరూ వెళ్తున్నారు. నేను కింద నిలబడి వాళ్ళ కోసం కీర్తనలు చదవనా?" అన్నాడు. నువ్వైతే ఏం జవాబు చెప్పేదానివి? నువ్వు చెప్పేదానివేలే.

వాడు ఏదీ మానలేదు. పొద్దున్నే చేతికి తోలుపట్టీలు చుట్టుకుని ప్రార్థన చేశాకే మంచినీళ్ళు. మాంసం గరిటె పాలగిన్నెలో పెట్టి మైల చేశాడని వంటవాడితో పోట్లాడి, ఉల్లిపాయా రొట్టే తిని బతికాడట. తోటి సిపాయిలు "రబ్బీ గారూ" అని ఏడిపిస్తారు. కానీ సబ్బాతు రాత్రి వాడు దీవెన చదివేదాకా ఒక్కడూ గ్లాసు ముట్టడట. నిస్సీమ్ అని వాడి స్నేహితుడు చెప్పాడు. ఆ నిస్సీమ్‌కి దేవుడంటే పట్టింపే లేదు, అయినా.

ఇంకోమాట. నీకు బెంగ అక్కర్లేదు. వాడు బెయేర్షెబాలో గోదాములో ఉన్నాడు. కంబళ్ళు లెక్కపెడతాడు. సరిహద్దు కాలువ దగ్గరి యుద్ధానికీ వాడికీ సంబంధం లేదు.

నువ్వు ఎన్ని తిట్టినా నీ తమ్ముడే,
జెలిగ్


యెరూషలేము
దీపాల పండగ నాలుగో రోజు

జెలిగ్‌కి,

వాడు వచ్చాడు. ముందే కబురు పంపాను, ఆ బట్టలతో నా గడప తొక్కడానికి వీల్లేదని. వీధి మొదట్లో పుస్తకాలు బైండు చేసే బెందిత్ ఉన్నాడు కదా, అతని వెనక గదిలో వాడి నల్లకోటూ టోపీ పెట్టించాను. అక్కడ మార్చుకుని మనిషిలా వచ్చాడు. బంగాళదుంప అట్లు నేను వేస్తుంటే పెనం మీంచే తీసుకుని తిన్నాడు. మీ బావతో కూర్చుని ఒక పేజీ చదివాడు. ఇద్దరూ బల్ల గుద్దుకుంటూ వాదించుకున్నారు. ఈ ఇంట్లో అరుపులు విని ఎన్నాళ్ళయిందో. వంటింట్లో నిలబడి హాయిగా విన్నాను.

సన్నబడ్డాడు. గోళ్ళ నిండా ఇసుక. కంబళ్ళు లెక్కపెట్టేవాడి చేతులు ఇలా ఉంటాయా అంటే, "గోదాము ఎడారిలో ఉందమ్మా" అన్నాడు.

ఇంతలో నా నెత్తిన ఇంకోటి వేశాడు. చొక్కా కింద వేసుకునే కుచ్చుల వస్త్రం ఆకుపచ్చ గుడ్డతో కుట్టిపెట్టమన్నాడు! మన తాత తెల్లదే వేసుకున్నాడు, ఆయన తాతా తెల్లదే. ఎందుకురా అంటే "అక్కడ అందరూ అదే వేసుకుంటున్నారు" అన్నాడు. అందరూనట. దేవుడి ఆజ్ఞకి కూడా మిలటరీ రంగు పులమాలా? ఇదంతా షోకు, ఇంకేం కాదు. చచ్చినా కుట్టనన్నాను. తెల్లవే కుట్టి మూటలో పెట్టాను. నవ్వి తీసుకెళ్ళాడు.

వాడికి ఇలాంటి షోకులు ఎవరు నేర్పుతున్నారో నాకు తెలుసు.

ఫ్రాదెల్


4 జనవరి 1970

అక్కా,

ఆకుపచ్చది కుట్టిపెట్టు. కుచ్చులు ముఖ్యం కానీ గుడ్డ రంగు గురించి ధర్మశాస్త్రంలో ఎక్కడుంది? బావనడుగు. నేనే షోకులు నేర్పుతున్నానని రాశావు. నా చొక్కాకి మోచేతుల దగ్గర అతుకులున్నాయి, వచ్చి చూసుకో.

కారణం అడగకు. కుట్టు, అంతే. తిర్జా కుడతానంది. దాని కుట్టు నీకు తెలుసు, దిండు గలీబు కుడితే దూది బయటే ఉంటుంది. వాడికి నీ చేతి కుట్టే కావాలట.

జెలిగ్


యెరూషలేము
సముద్రం చీలిన అధ్యాయం చదివే వారం

జెలిగ్‌కి,

నీ మేనల్లుడికి పొగరెక్కింది.

మంగళవారం మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. ఇంగ్లీషువాళ్ళ కాలంలో విన్నాను ఆ చప్పుడు, ఇంట్లో సోదా చేయడానికి వచ్చినప్పుడు. మళ్ళీ ఇప్పుడు. "అమ్మా, నేనే" అన్నాడు. "బెందిత్ దగ్గరికెళ్ళి మార్చుకుని రా" అన్నాను తలుపు ఇవతలి నుంచి. "టైము లేదమ్మా, బస్సుకి వెళ్ళిపోవాలి" అన్నాడు. "కోటు తొడుక్కోడానికి ఎంత టైము కావాల్రా!" అన్నాను. బూట్ల చప్పుడు మెట్లు దిగిపోయింది.

నేను సూపు వేడిచేసి గిన్నెలో పోసి పెట్టాను. రాలేదు. సూపు మీద కొవ్వు గడ్డకట్టింది. మళ్ళీ వేడిచేశాను. మళ్ళీ గడ్డకట్టింది. తల్లి ఒక్కమాట అంటే అంత రోషమా? బట్టలు మార్చుకోమంది, చావమనలేదు కదా. పూరీమ్ పండగలోపల వాడి చేత క్షమాపణ ఉత్తరం రాయించు. లేకపోతే ఇక రానక్కర్లేదని చెప్పు.

ఫ్రాదెల్


8 ఫిబ్రవరి 1970

అక్కా,

క్షమాపణ ఎవరు ఎవరికి చెప్పాలో ఇది చదివి నువ్వే తేల్చు.

వాడు బెందిత్ దగ్గరికే వెళ్ళాడు. దుకాణం మూసి ఉంది. బెందిత్ మేనకోడలి పెళ్ళట. తలుపు దగ్గర నిలబడ్డవాడిని మీ వీధి పిల్లలు చుట్టుముట్టి అరిచారు. పై అంతస్తు నుంచి ఎవరో గిన్నెలు కడిగిన నీళ్ళు కుమ్మరించారు. ఆ తడిబట్టలతో మళ్ళీ నీ తలుపు కొట్టడం ఇష్టంలేక బస్సెక్కేశాడు. నాకు ఇవన్నీ నిస్సీమ్ చెప్పాడు. కల్మన్ నాతో అన్నది ఒక్కమాటే, "అమ్మ తలుపు తీయలేదు మావయ్యా" అని. నీమీద ఒక్క ఫిర్యాదు చేయలేదు. చేసుంటే నాకు బాగుండేది.

పూరీమ్‌కి వాడికి సెలవు దొరకొచ్చు. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఎలా వస్తే అలా రానీ.

జెలిగ్


యెరూషలేము
పూరీమ్‌కి ముందు వారం

జెలిగ్‌కి,

నీళ్ళు పోసింది ఎవరో కనుక్కున్నాను. ఆ ఇంటికి వెళ్ళి దాని మొహం మీదే అడగాల్సింది అడిగాను. వాడి తల్లి బతికే ఉంది, వాడిని తిట్టాలంటే నేను తిడతాను, వీధికేం పని?

గసగసాల కజ్జికాయలు చేసి డబ్బాలో పెట్టాను. బెందిత్ దుకాణం తాళంచెవి ఒకటి తీసుకుని నా దగ్గరే ఉంచుకున్నాను. వాడు కింద నుంచి పిలిస్తే విసురుతాను. అంతవరకూ దిగొచ్చాను. బట్టలు మార్చుకోకుండా మాత్రం రానివ్వను. ఇందులో నాతో బేరాలాడకు.

ఫ్రాదెల్


యెరూషలేము
పూరీమ్ దాటి రెండు వారాలు, నిసాన్ నెల మొదటిరోజు

జెలిగ్,

వాడు పోయాక మేం నేల మీద కూర్చుని దుఃఖం పట్టిన ఏడు రోజులూ నువ్వు మా ఇంట్లోనే ఉన్నావు. గుడ్లు ఉడకబెట్టావు. అద్దాలకి దుప్పట్లు కప్పావు. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేశావు, వచ్చినవాళ్ళే తక్కువనుకో. ఏడు రోజులూ నా మొహంలోకి చూస్తూ అబద్ధమాడావు.

నువ్వు వెళ్ళిన మర్నాడు బెయిలె వచ్చింది. "మా ఆయన తీర్పు చెప్పబట్టి సరిపోయింది ఫ్రాదెల్, లేకపోతే మీవాళ్ళు ఏం చేసేవాళ్ళో" అంది. ఏం తీర్పు అన్నాను. అప్పుడు తెలిసింది నాకు.

మా ఊళ్ళో ఆడవాళ్ళం శ్మశానానికి వెళ్ళం. అందుకే కదా మూట నీ చేతికిచ్చాను. చొక్కా, లాగు, పై అంగీ, నడికట్టు, టోపీ. కొలతలు ఎవరినడగను? దీపాల పండగకి చూసిన భుజాలు గుర్తుచేసుకుని కుట్టాను. "ఆ మిలటరీ గుడ్డలు ఒలిచి పారేసి, నా బిడ్డని కడిగి, తెల్లబట్టలు తొడగండి" అన్నాను. నువ్వు "సరే అక్కా" అన్నావు. సరే అన్నావురా! మూట చంకలో పెట్టుకుని మెట్లు దిగావు.

కడగలేదట. ఒలవలేదట. ఆ బట్టలతోనే, బూట్లతో సహా మట్టి కప్పారట. మీ బావ పక్కనే నిలబడి కద్దిష్ ప్రార్థన చదివారట. ఆయనతో మాట్లాడటం మానేశాను.

ఇక గోదాము సంగతి. వాడి కబురు తెచ్చిన ఆ ఇద్దరు ఆఫీసర్లూ "కాలువ ఒడ్డున" అని మొదలుపెట్టగానే, "మీరు ఇల్లు తప్పొచ్చారు బాబూ, మావాడు బెయేర్షెబాలో కంబళ్ళు లెక్కపెడతాడు" అన్నాను. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అవే మిలటరీ బట్టలతో నా ఇంట్లోకొచ్చి నా కుర్చీల్లో కూర్చున్నారు. గడప దాటొచ్చా అని ఎవరూ అడగలేదు.

తెల్లగుడ్డ వెన్నెల్లో అవతలి ఒడ్డున ఉన్న శత్రువుకి కనిపిస్తుందట కదా. పరామర్శకొచ్చిన నిస్సీమ్ నోరుజారి చెప్పాడు. ఆకుపచ్చది అందుకట. షోకు కాదట. "వాడు కాలువ దగ్గరున్నాడు" అని ఒక్క ముక్క రాసుంటే, మొత్తం పటాలానికి కుట్టి ఇచ్చేదాన్ని కదరా! నీ అబద్ధం నా చేత తెల్లవి కుట్టించింది. అదే వాడిని చంపిందా? జవాబు చెప్పు.

ఫ్రాదెల్


12 ఏప్రిల్ 1970

అక్కా,

లేదు. చంపలేదు. పట్టపగలు ఫిరంగి గుండు పడింది. వాడు లారీలోంచి నీళ్ళ డబ్బాలు దించుతున్నాడు. తెలుపూ పచ్చా దానికి తెలియవు. నువ్వు కుట్టిన తెల్లది చొక్కా కింద ఉంది, అది కూడా వాడితోనే వెళ్ళింది.

అబద్ధం నేనే రాశాను. వాడు ఒట్టు వేయించుకున్నాడు. "అమ్మకి నామీద కోపం ఎలాగూ ఉంది, దానికి తోడు భయం కూడా ఎందుకు మావయ్యా" అన్నాడు. ఒట్టు నిలబెట్టుకున్నాను. నరకానికి పోతే పోతాను.

మూట సంగతి విను. గుర్తుపట్టడానికి నన్నే పిలిచారు, వాడి కాగితాల్లో నా చిరునామా ఉంది. మిలటరీ రబ్బీ చేతిలో మూట పెట్టి బతిమాలాను. ఆయనకి ఇంకా గడ్డం కూడా సరిగా రాలేదు. "నేను కాదంటే అమ్మగారు మిలటరీ తీర్పు అంటారు. ఆవిడ నమ్మే పెద్దాయన్ని అడిగి రండి" అన్నాడు. అందుకని బావా నేనూ ఫైవిష్ గారి దగ్గరికెళ్ళాం. సైనికుడు ఎదురొస్తే రోడ్డు దాటి వెళ్ళే మనిషి ఆయన. మా మాట విని లేచి నిలబడ్డారు. "రక్తం కారి పోయినవాడిని కడగకూడదు. రక్తం ఇంకిన బట్ట వాడి ఒంట్లో భాగమే. దారప్పోగు కూడా తీయొద్దు" అన్నారు. మేం వెళ్ళేదాకా మళ్ళీ కూర్చోలేదు, అది బెయిలె నీకు చెప్పి ఉండదు.

నీ ధర్మమే అక్కా! నేను పారిపోయానంటావే, ఆ ధర్మమే. వాడి ఒంటిమీద మిలటరీ బట్టలు ఉంచింది మిలటరీ కాదు, మీ వీధి. ఇరవై ఏళ్ళకి పైగా అదే పనిలో ఉన్నావు, నీకు తెలియకపోవడమేమిటి?

కోపంగానే రాస్తున్నాను, రాయనీ. ఏడాదిన్నర వాడు నా బల్ల దగ్గర అన్నం తిన్నాడు. వాడి కోసం నేల మీద కూర్చోవడానికి నాకు చోటు లేదు. మన ధర్మంలో మేనమామకి ఆ ఏడు రోజులు రాసిపెట్టలేదు. అందుకే కుర్చీలు వేశాను.

మూట నా దగ్గరే ఉంది. పంపమంటావా?

జెలిగ్


యెరూషలేము
పస్కా పండగకి ముందు

తమ్ముడూ,

నీకు తెలియకపోవడమేమిటి అని అడిగావు. నాకు ధర్మం నేర్పకు.

నలభై ఎనిమిదిలో మా వాకిట్లో గుండు పడి రొట్టెలమ్మే హెన్యా చచ్చిపోయింది. నువ్వు ఇక్కడ లేవు. పిండి అంటిన ఏప్రాన్‌తో, ఒంటికాలి చెప్పుతో ఆమెని సాగనంపింది నేనే. కనీసం మొహమైనా తుడవమని ఆమె కూతురు నా గౌను పట్టుకుని ఏడ్చింది. కూడదమ్మా అన్నాను. తుడవలేదు. ఆ పిల్ల నన్ను ఇవాళ్టికీ పలకరించదు.

మూట నీ చేతిలో పెట్టినప్పుడు నాకు తెలుసు. కుడుతున్నంతసేపూ తెలుసు. తెలిసే ఇచ్చాను. నాన్న కోటు విప్పినవాడివి, ఇంట్లోంచి పారిపోయినవాడివి, నీకు ఇదొక లెక్కా అనుకున్నాను. నేను తప్పలేను కాబట్టి నా బదులు నువ్వు తప్పుతావనుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక ఒకే ఒక్కసారి నాకు నీతో పని పడింది. సరిగ్గా అప్పుడే నువ్వు నీతిమంతుడివయ్యావు. పెద్దాయన దగ్గరికి వెళ్ళి తీర్పు కూడా అడిగొచ్చావు! నిన్ను ఎవడు అడగమన్నాడు? అడక్కుండా చేయాల్సిన పనిరా అది. ఈ కోపం పోదు. పోతుందని ఎదురుచూడకు.

మూట పంపకు. మీ దగ్గరే ఉండనీ.

మీ బావతో మళ్ళీ మాట్లాడుతున్నాను. పస్కా గిన్నెలు అటక మీంచి దించాలి, నాకు అందవు. దించుతూ దించుతూ నిచ్చెన మీదే కూర్చుని ఏడ్చారు. దిగండి, పడతారు అన్నాను.

ఇప్పుడు నేనడిగేది విను. మృతులు లేచే రోజున, ఎవరు ఏ బట్టలతో భూమిలోకి వెళ్ళారో ఆ బట్టలతోనే లేస్తారని మన పెద్దలు చెప్పారు. మా వీధి ఆడవాళ్ళందరూ నా కుట్టుతోనే లేస్తారు. ఒక్కొక్కళ్ళనీ దూరం నుంచే పోల్చుకుంటాను. అమ్మని పోల్చుకుంటాను. హెన్యాని ఏప్రాన్ చూసి పోల్చుకుంటాను. నా కొడుకుని పోల్చుకోలేను. ఆ బట్టల్లో వాడిని నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆ మిలటరీ శ్మశానం గుట్ట మీద వాడి పక్కన అవే బట్టలతో ఎంతమంది పిల్లలు పడుకున్నారో మీ బావ చెప్పారు. వాళ్ళందరూ ఒక్కసారే లేస్తారు. ఎవరి తల్లి వాళ్ళని పేరు పెట్టి పిలిచి పట్టుకుపోతుంది. నేను ఎవరిని పట్టుకోను?

నువ్వు చూశావు. మొదటిరోజు నుంచీ చూశావు, ఆఖరున కూడా చూశావు. చొక్కా భుజాల దగ్గర సరిపోయిందా, వదులా? చేతులు మడిచేవాడా? ఎన్ని మడతలు? మెడ గుండీ పెట్టుకునేవాడా? ఎక్కడ చిరిగింది, ఎంతమేర చిరిగింది? నేను కుట్టుపని మనిషిని, తట్టుకుంటాను. అన్నీ రాయి. ఈసారి నేను భయపడతానని ఏదీ దాచకు.

ఫ్రాదెల్